చేతి రేడియేషన్ మీటరు: నెల రోజులు వాడి చూశాక

ఎదురు బిల్డింగు మేడ మీద సెల్ టవర్ లేచిన రెండో వారం నుంచి అమ్మకి నిద్ర సరిగ్గా పట్టడం లేదు. తల బరువుగా ఉందంటుంది, చెవుల్లో ఏదో మోగుతోందంటుంది. మా బాల్కనీలో నిలబడితే ఆ తెల్లటి పొడుగు డబ్బాలు, అంటే పానెల్ యాంటెనాలు, దాదాపు కంటి ఎత్తులోనే కనిపిస్తాయి. "అవి మన వంకే చూస్తున్నాయే" అని అమ్మ రోజూ అనేది. అపార్టుమెంటు మీటింగులో సగం మంది టవర్ తీయించాల్సిందేనన్నారు, సగం మంది ఇన్నాళ్ళకి సిగ్నల్ వచ్చింది, వదిలేయమన్నారు. రెండు గంటలు అరుచుకున్నారు. ఒక్కరి చేతిలోనూ ఒక్క అంకె లేదు. నాకు బాధ వేసింది అక్కడే. భయపడేవాళ్ళకీ తెలియదు, కొట్టిపారేసేవాళ్ళకీ తెలియదు.

అందుకే తరంగాలను కొలిచే చేతి మీటరు ఒకటి కొన్నాను. అదే అమ్మకందారు దగ్గర కిటికీకి కట్టే లోహపు దారం తెర, ఫోను వెనక అంటించే "యాంటీ రేడియేషన్" స్టిక్కరు కూడా తీసుకున్నాను. మూడూ నెల రోజులు వాడాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి మీటర్లే రకరకాల పేర్లతో వస్తుంటాయి కాబట్టి ఏది కొన్నా ఇది పనికొస్తుంది.

నా గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. నేను ఫిజియోథెరపిస్టుని. రేడియో తరంగాలతో మనిషి కండని వేడెక్కించడం నా రోజువారీ పనుల్లో ఒకటి. మేం షార్ట్ వేవ్ డయాథెర్మీ అంటాం, పేషెంట్లు "కరెంటు పెట్టించుకోవడం" అంటారు. 27.12 మెగాహెర్ట్జ్ తరంగం (సెకనుకి సుమారు 2.71 కోట్ల సార్లు ఊగేది), కొన్ని వందల వాట్ల దాకా ఇవ్వగల యంత్రం, మోకాలికి రెండు వైపులా రెండు ప్లేట్లు. పది నిమిషాల్లో లోపల వెచ్చబడుతుంది. ఒంట్లో ఉన్న నీటి అణువులకి ఒక కొస ధన, ఒక కొస ఋణ. తరంగం దిశ మారినప్పుడల్లా అవి అటూ ఇటూ తిరగడానికి చూస్తాయి, లవణాల అయాన్లు కూడా కదులుతాయి, ఆ రాపిడే వేడి. సెల్ టవర్ తరంగాలు అంతకంటే చాలా వేగంగా ఊగుతాయి, 700 మెగాహెర్ట్జ్ నుంచి 3,800 మెగాహెర్ట్జ్ దాకా. కానీ జీవకణం మీద రుజువైన పని మాత్రం అదే, వేడి చేయడం. ఎక్స్‌రే లాగా అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను పెరికే శక్తి వీటికి లేదు. 1,800 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్కో ఫోటాన్ (తరంగం మోసే అతి చిన్న శక్తి పొట్లం) శక్తి మామూలు వెలుతురు ఫోటాన్ శక్తిలో లక్షో వంతు కూడా ఉండదు.

అయినా వేడి అంటే తేలిగ్గా తీసుకోకూడదు. నేను పనిలో చేరిన కొత్తలో ఒక పెద్దావిడకి మోకాలి కింద వేసిన తువ్వాలు కొంచెం తడిగా ఉంది, నేను చూసుకోలేదు. ఏడో నిమిషంలో ఆవిడ "అమ్మా, ఇక్కడ చురుక్కుమంటోంది" అంది. తీసి చూస్తే బొటనవేలి గోరంత ఎర్రటి మచ్చ. తడి ఉన్నచోటే వేడంతా పోగుపడింది. అప్పటి నుంచి చెమట చుక్క కూడా తుడవకుండా ప్లేట్లు పెట్టను. స్పర్శ తెలియని కాలికి పెట్టను, ఎందుకంటే కాలుతున్నా వాళ్ళు చెప్పలేరు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకి, గర్భిణులకి, ఒంట్లో లోహపు ప్లేటు ఉన్నచోట పెట్టం. కంటి దగ్గరికి అసలు పోనివ్వం. కంటి కటకానికి రక్తనాళాలు లేవు, వచ్చిన వేడిని మోసుకుపోయే దారి లేదు. వృషణాలదీ అలాంటి కథే, అవి ఒంటి వేడి కంటే కొంచెం చల్లగా ఉంటేనే సరిగ్గా పనిచేస్తాయి. కాబట్టి టవర్ గురించి ఎవరైనా భయపడితే నేను నవ్వను. తరంగం కండని ఏం చేయగలదో నా చేతులకి తెలుసు. నాకు కావలసింది ఎంత అన్నదే.

ఆ "ఎంత"కి ఈ మీటరు పనికొస్తుందా? వస్తుంది. కానీ పెట్టెలో దాంతో వచ్చే కాగితాన్ని చదవకుండా వాడితేనే. దాని సంగతి తర్వాత చెప్తాను.

మీటరు అరచేతిలో పడుతుంది. పైన గుండ్రటి బంతిలాంటి తల, లోపల మూడు దిక్కులకీ మూడు చిన్న యాంటెనాలు. అందువల్ల ఎటు తిప్పి పట్టుకున్నా మొత్తం కలిపి చూపిస్తుంది. ఒకే దిక్కు యాంటెనా ఉన్న చవక రకాల కంటే ఇది మేలు, వాటితో అయితే ప్రతిచోటా మూడుసార్లు తిప్పి కొలవాలి. 50 మెగాహెర్ట్జ్ నుంచి 3.5 గిగాహెర్ట్జ్ (3,500 మెగాహెర్ట్జ్) దాకా కొలుస్తుందని రాసుంది. అంకెని రెండు రకాలుగా చూపిస్తుంది: మీటరు దూరానికి ఇన్ని వోల్టులని, లేదా చదరపు మీటరుకి ఇన్ని మైక్రోవాట్లని. నేను రెండోదే వాడాను, కింద మైక్రోవాట్లు అన్నచోటల్లా చదరపు మీటరుకి అని చదువుకోండి. అప్పటికప్పుడు ఉన్న అంకె, ఇప్పటిదాకా వచ్చిన గరిష్ఠం, సగటు, ఈ మూడూ విడివిడిగా చూపించే మీట ఉంది. సగటు మీట లేని మీటరు కొనొద్దు. భద్రతా పరిమితులు ముఖ్యంగా సగటు మీదే ఉంటాయి. రెప్పపాటు గరిష్ఠాన్ని తీసుకెళ్ళి సగటు పరిమితితో పోలిస్తే ఆ లెక్క తప్పు.

మొదటి రెండు రోజులు నేను తప్పుగానే కొలిచాను. మీటరుని గుండెకి ఆనించి పట్టుకుని నడిచాను. మనిషి ఒళ్ళంటే నీటి సంచి, తరంగాన్ని మింగుతుంది, వెనక్కీ కొడుతుంది. టవర్‌కి వీపు పెట్టి నిలబడితే అంకె సగానికి పడిపోయింది, తిరిగితే మళ్ళీ లేచింది. తర్వాత చేయి పూర్తిగా చాచి, మెల్లగా ఎనిమిది అంకె రాసినట్టు గాలిలో తిప్పుతూ, ఆరు నిమిషాలు సగటు తీయడం అలవాటు చేసుకున్నాను. జేబులో ఫోను ఉంటే మాత్రం అంతా వృథా. ఫోను పక్క గదిలో పెట్టి, వైఫై ఆపి కొలవాలి. ఈ మీటరుకి ఏ తరంగం టవర్‌ది, ఏది రౌటర్‌ది అన్న తేడా తెలియదు, అన్నిటినీ కలిపేసి ఒక్క అంకె చెప్తుంది.

నా నోటుబుక్కులో ఉన్నవి ఇవి. అమ్మ మంచం దగ్గర, కిటికీ మూసి, 340 మైక్రోవాట్లు. బాల్కనీ రెయిలింగ్ దగ్గర తెల్లవారుజామున ఐదింటికి 2,100. అదే చోట రాత్రి ఎనిమిదిన్నరకి 6,200, అందరూ ఫోన్లలో ఉండే వేళ కదా. మా మేడ మీద, యాంటెనాకి సూటిగా ఎదురుగా, గరిష్ఠంగా 38,000. ఎదురు బిల్డింగు గేటు దగ్గర, అంటే టవర్ పాదం దగ్గర, 150.

ఆ చివరి అంకె చూసి పక్క ఫ్లాటు పెద్దాయన నమ్మలేదు. "ఏమ్మా, మిషను పాడైందేమో, ఇంకోసారి చూడు" అన్నారు. మూడుసార్లు చూశాం, అదే. దీపం కింద చీకటి అన్నమాట ఇక్కడ అక్షరాలా నిజం. పానెల్ యాంటెనా తన బలమంతా ఎదురుగా, దాదాపు నేలకి సమాంతరంగా, కొన్ని డిగ్రీలు మాత్రం కిందికి వంచి పంపుతుంది. ముప్ఫై మీటర్ల ఎత్తు నుంచి ఆరు డిగ్రీలు వంచితే ఆ కిరణం మధ్యభాగం నేలని తాకేది సుమారు 285 మీటర్ల దూరంలో. టవర్ కింద ఇల్లున్నవాళ్ళ కంటే దానికి ఎదురుగా అదే ఎత్తులో ఉన్నవాళ్ళకే ఎక్కువ పడుతుంది. టవర్ ఎవరి నెత్తిన ఉంది అని కాదు, అది ఎటు చూస్తోంది అని అడగాలి.

ఇప్పుడు ఆ కాగితం సంగతి. పెట్టెలో మీటరుతో పాటు ఒక రంగుల కాగితం పెట్టారు. పది మైక్రోవాట్ల లోపు పచ్చ, వెయ్యి దాటితే ఎరుపు, పక్కన పుర్రె బొమ్మ. మీటరు కూడా వెయ్యి దాటగానే ఎర్రలైటు వెలిగించి కీచుమని అరుస్తుంది. ఈ వెయ్యి అన్నది ఎవరు పెట్టిన హద్దో ఆ కాగితం మీద ఎక్కడా రాయలేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, "మేడమ్, అది ఇంటర్నేషనల్ స్టాండర్డ్" అన్నారు. ఏ సంస్థది అని అడిగితే లైను పెట్టేశారు.

అంతర్జాతీయంగా ఎక్కువ దేశాలు ఆధారంగా తీసుకునేది ఐసీఎన్‌ఐఆర్‌పీ అనే సంస్థ లెక్కని. అయనీకరణ చేయని, అంటే అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను పెరకలేని, రేడియేషన్ నుంచి రక్షణ కోసం ఏర్పడిన నిపుణుల కమిషన్ అది, చివరగా 2020లో హద్దులు సవరించింది. 900 మెగాహెర్ట్జ్ దగ్గర జనానికి వాళ్ళు పెట్టిన హద్దు చదరపు మీటరుకి 4.5 వాట్లు, అంటే 45 లక్షల మైక్రోవాట్లు. 1,800 దగ్గర 90 లక్షలు, 2,000 మెగాహెర్ట్జ్ పైన కోటి. ఇవి ఒళ్ళంతా అరగంట సగటు మీద. నేను పోలికకి ఈ మూడింట్లో తక్కువైన 45 లక్షలనే తీసుకున్నాను. అలా చూసినా మా మేడ మీది గరిష్ఠం కూడా (సగటు ఇంకా తక్కువే ఉంటుంది) హద్దులో నూట పద్దెనిమిదో వంతు. అమ్మ మంచం దగ్గరిది పదమూడు వేలలో ఒక వంతు. కాగితం ప్రకారం మా బాల్కనీలో పుర్రె బొమ్మ. ఐసీఎన్‌ఐఆర్‌పీ హద్దు ప్రకారం ఏడు వందల వంతుల్లో ఒక వంతు.

ఈ హద్దు ఎలా పుట్టిందో తెలిస్తేనే దాన్ని నమ్మాలో వద్దో తేల్చుకోగలం. కిలో కండ ఎన్ని వాట్లు మింగింది అన్నది అసలు కొలత, దాన్ని ఎస్‌ఏఆర్ అంటారు. ఒళ్ళంతా కిలోకి నాలుగు వాట్ల చొప్పున మింగితే అరగంటలో ఒంటి లోపలి వేడి ఒక డిగ్రీ దాకా పెరుగుతుంది. జంతువుల్లో ప్రవర్తన మారడం కనిపించింది కూడా ఆ దరిదాపుల్లోనే. దాన్ని పదితో భాగించి, ఆ పనిలో ఉండే ఉద్యోగులకి 0.4 అని పెట్టారు. పసిపిల్లలు, ముసలివాళ్ళు, రోగులు ఉండే మామూలు జనానికి యాభైతో భాగించి 0.08 అని పెట్టారు. కదలకుండా పడుకున్న మనిషి ఒళ్ళే కిలోకి సుమారు ఒక వాటు వేడి పుట్టిస్తుంది. అరవై కిలోల మనిషికి ఆ హద్దు దగ్గర బయటి నుంచి వచ్చి చేరేది 4.8 వాట్లు, లోపల తనంతట తానే పుట్టేది అరవై పైన. మరి మా బాల్కనీలో? మనిషి ముందు భాగం సుమారు 0.7 చదరపు మీటర్లనుకుంటే ఒంటి మీద పడేది మొత్తం నాలుగు మిల్లీవాట్ల చిల్లర. అందులో కొంత వెనక్కి పోతుంది కూడా. నేను క్లినిక్‌లో మోకాలికి పెట్టే వేడిని రోజూ చూస్తాను, ఆ చేతితోనే ఈ లెక్క వేసినప్పుడు నా భుజాల మీద బరువు దిగింది.

కానీ పెద్దాయన ఊరుకోలేదు. "వేడి లేకపోయినా ఏదో జరుగుతుందంటారు కదమ్మా, క్యాన్సర్ అని?" అన్నారు. అది న్యాయమైన ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2011లో ఈ తరంగాలను 2బీ గుంపులో పెట్టింది, అంటే క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చు అనే వర్గం. ఆ మాట పట్టుకుని టవర్లను చూపించి బెదిరిస్తారు. ఆ నిర్ణయానికి ఆధారం ఫోనుని చెవికి పెట్టుకుని ఎక్కువసేపు మాట్లాడినవాళ్ళ మీద జరిగిన పరిశీలనలు. టవర్ లాంటి చుట్టుపక్కల తరంగాల విషయంలో ఆధారం చాలదని అదే బృందం చెప్పింది. బ్రిటన్‌లో అయిదేళ్ళ లోపు క్యాన్సర్ వచ్చిన 1,397 మంది పిల్లల్ని తీసుకుని, తల్లి గర్భంతో ఉన్నప్పుడు ఇల్లు టవర్లకి ఎంత దగ్గర, ఎంత తరంగం పడింది అని లెక్కగట్టారు. క్యాన్సర్ లేని పిల్లలతో పోల్చారు. 2010లో వచ్చిన ఆ ఫలితంలో సంబంధం కనిపించలేదు. ఫోన్లకీ మెదడు క్యాన్సర్‌కీ సంబంధం కనిపించలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్ష 2024లో వచ్చింది.

ఎలుకల పరిశోధనలని కూడా దాచకూడదు, ఎందుకంటే భయపెట్టే వీడియోల్లో వచ్చేది అవే. అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ ఎలుకల్ని రెండేళ్ళ పాటు రోజుకి తొమ్మిది గంటలు ఈ తరంగాల్లో ఉంచింది. మగ ఎలుకల గుండెలో నరాల తొడుగు కణాల కణితులు పెరిగాయి. 2018లో వాళ్ళు దీన్ని "స్పష్టమైన ఆధారం" అన్నారు. ఆ ఎలుకలకి ఇచ్చిన మోతాదు ఒళ్ళంతా కిలోకి 1.5, 3, 6 వాట్లు. జనానికి పెట్టిన హద్దుకి అతి తక్కువ మోతాదే పద్దెనిమిది రెట్ల పైన, ఎక్కువది డెబ్బై అయిదు రెట్లు. విచిత్రంగా తరంగం తగిలిన మగ ఎలుకలు తగలనివాటి కంటే ఎక్కువ కాలం బతికాయి. ఇటలీలోని రమజ్జిని ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు అదే సంవత్సరం టవర్‌ని పోలిన తరంగంతో చేశారు, రోజుకి పంతొమ్మిది గంటలు, ఎలుక బతికినన్నాళ్ళూ. మీటరు దూరానికి 5, 25, 50 వోల్టుల మోతాదులు. గుండె కణితులు చెప్పుకోదగ్గంత పెరిగింది 50 వోల్టుల దగ్గర, అదీ మగ ఎలుకల్లో. మా బాల్కనీ 6,200 మైక్రోవాట్లని ఆ కొలతలోకి మారిస్తే ఒకటిన్నర వోల్టు. నా ఉద్దేశంలో ఈ పరిశోధనలు ఇంకా జరగాలి, వేరేవాళ్ళు మళ్ళీ చేసి చూడాలి. కానీ వాటిని తెచ్చి అమ్మ మంచం దగ్గరి 340కి అతికించడం అన్యాయం.

టవర్ల వల్లే పిచ్చుకలు మాయమయ్యాయన్న మాట కూడా వచ్చింది, రాకుండా ఉంటుందా. బ్రిటన్‌లో పిచ్చుకలు తగ్గడం 1970ల చివర్లోనే మొదలైంది, అప్పటికి సెల్ టవర్లు లేవు. పక్షుల మీద నిజంగా గట్టి పరిశోధన ఒకటుంది. జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో యూరోపియన్ రాబిన్ పక్షులు చెక్క గుడిసెల్లో దిక్కు తెలియక తికమకపడ్డాయి. గుడిసె చుట్టూ అల్యూమినియం రేకు కప్పి ఎర్త్ చేస్తే దిక్కు మళ్ళీ దొరికింది. 2014లో అచ్చైంది. కానీ వాటిని ఇబ్బంది పెట్టింది 50 కిలోహెర్ట్జ్ నుంచి 5 మెగాహెర్ట్జ్ మధ్య ఉన్న గోల, అంటే ఏఎం రేడియో, విద్యుత్ పరికరాల నుంచి వచ్చేది. సెల్ టవర్ తరంగాలు దానికి ఎంతో పైన ఉంటాయి.

మళ్ళీ మీటరుకి వస్తాను. నాకు అన్నిటికంటే పనికొచ్చిన పాఠం టవర్ గురించి కాదు, నా ఫోను గురించి. కిటికీ పక్కన సిగ్నల్ నిండుగా ఉన్నచోట కాల్ చేస్తూ మీటరుని జానెడు దూరంలో పెడితే 9,000. అదే ఫోనుతో లిఫ్టులోకి వెళ్ళి తలుపులు మూసుకోగానే 4,10,000. అంత దగ్గర్లో మీటరు అంకె కచ్చితం కాదు, అయినా తేడా ఎటుందో తెలుస్తుంది. టవర్ అందకపోతే ఫోను గొంతు పెంచి అరుస్తుంది. 4జీ ఫోను గరిష్ఠంగా 0.2 వాటు పంపగలదు, అది తలకి ఆనుకునే ఉంటుంది. దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతు అవుతుంది కాబట్టి వీధి అవతల ఉన్న పదుల వాట్ల యాంటెనా కంటే చెవి దగ్గరి ఈ చిన్నదాని వాటాయే ఎక్కువ. టవర్ దగ్గరగా ఉన్నందువల్ల మా ఇంట్లో ఫోన్లు మెల్లగా మాట్లాడుతున్నాయి. ఈ మాట మీటింగులో చెప్తే ముందు ఎవరూ వినలేదు, లిఫ్టులో చూపించాక విన్నారు.

తెర గురించి. అమ్మ కిటికీకి కట్టాం. మంచం దగ్గర అంకె 340 నుంచి 60కి దిగింది, అంటే తెర నిజంగానే ఆపుతోంది. తర్వాత ఆ గదిలోంచే అమ్మ మా అన్నయ్యకి కాల్ చేస్తుంటే జానెడు దూరంలో మీటరు పెట్టాను. తెర లేనప్పుడు 9,000 చుట్టూ ఉండేది, తెర ఉంటే 70,000. టవర్‌ని దాచేసరికి అమ్మ చెవి దగ్గరి ఫోను ఎనిమిది రెట్ల బలంతో పనిచేసింది. తెర విప్పేశాను. ఫోను వాడని గదికైతే తెర చెప్పినపని చేస్తుంది, కానీ ఆ గదిలో ఎవరైనా ఫోను ఎత్తారంటే లాభం తిరగబడుతుంది. స్టిక్కరు అంటించక ముందు, అంటించాక పదేసిసార్లు కొలిచాను. ఏ తేడా లేదు. ఇలాంటి కవచాలు సిగ్నల్‌కి అడ్డుపడి ఫోను ఇంకా ఎక్కువ బలం వాడేలా చేయవచ్చని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఎప్పుడో హెచ్చరించింది. స్టిక్కరు కొనొద్దు, ఇంతకంటే దాని గురించి చెప్పడానికి లేదు.

మీటరు లోపాలు. 3.5 గిగాహెర్ట్జ్ దగ్గరే దీని చూపు ఆగిపోతుంది, 5జీ వాడే తరంగాల్లో కొంత భాగం ఆ పైన ఉంది. 5 గిగాహెర్ట్జ్ వైఫై దీనికి కనిపించనే కనిపించదు. కింది వైపు కూడా అంతే. ఉత్సాహం కొద్దీ క్లినిక్‌కి తీసుకెళ్ళి డయాథెర్మీ యంత్రం పక్కన పెడితే అంకెలు పిచ్చిగా ఎగిరాయి. అది 27 మెగాహెర్ట్జ్, మీటరు హద్దు 50. తన పరిధిలో లేనిదాని గురించి మీటరు ఏ అంకె చెప్పినా పట్టించుకోకూడదు. ఇక కచ్చితత్వం. ఈ తరగతి మీటర్లలో మూడు డెసిబెల్స్ తేడా రావడం మామూలే, అంటే అసలు విలువ చూపించిన దానిలో సగమైనా కావచ్చు, రెట్టింపైనా కావచ్చు. హద్దుకి వందల వంతుల దూరంలో ఉన్నప్పుడు ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు. హద్దుకి దగ్గరగా వస్తే మాత్రం దీన్ని నమ్ముకోకుండా, తరంగాలను విడదీసి చూపే పెద్ద పరికరం ఉన్నవాళ్ళ చేత కొలిపించుకోవాలి. క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ (మీటరు సరిగ్గా చూపిస్తోందని పరీక్షించి ఇచ్చే కాగితం) అని పెట్టింది ఫొటోకాపీ, దాని మీది సీరియల్ నంబరు నా మీటరుది కాదు. ఇది అడిగితే కూడా జవాబు రాలేదు.

ఆ మోత గురించి విడిగా చెప్పాలి. మొదటి వారం మీటరుని రాత్రిళ్ళు అమ్మ గది కిటికీలో పెట్టాను, గరిష్ఠం తెలుస్తుందని. వెయ్యి దాటినప్పుడల్లా కీచుమనేది. రాత్రి రెండింటికి అమ్మ లేచి కూర్చుని, "అమ్మాయ్, అది మళ్ళీ అరుస్తోందే" అంది. చెయ్యి పట్టుకుంటే వణుకుతోంది. ఆ వారమంతా ఆవిడ నిద్ర ఇంకా పాడైంది. తరంగాలు తమకి పడవని చెప్పేవాళ్ళ మీద, తరంగం ఉందో లేదో వాళ్ళకీ, పరీక్షించేవాళ్ళకీ తెలియకుండా చేసిన ప్రయోగాలు 46 ఉన్నాయి, 1,175 మంది పాల్గొన్నారు. 2010లో వాటన్నిటినీ కలిపి చూసినవాళ్ళకి, తరంగం ఉన్నప్పుడే బాధ ఎక్కువైందన్న గట్టి ఆధారం దొరకలేదు. ఉందనుకున్నప్పుడు మాత్రం నిజమైన తలనొప్పి, నిజమైన గుండెదడ వచ్చాయి. ఆ బాధ అబద్ధం కాదు, అమ్మ వణుకు నా చేతిలో తెలిసింది. అలాంటి మనిషి పక్కన ఎర్రలైటు, పుర్రె బొమ్మ, కీచు మోత పెట్టి అమ్మడం నాకు చాలా కోపం తెప్పించింది. మోత ఆపే మీట బ్యాటరీ మూత కింద ఉంది, పుస్తకంలో దాని మాటే లేదు.

మోత ఆపి, లైటు తీసి, అమ్మ పక్కన కూర్చున్న రాత్రి ఇంకొకటి వినపడింది. టవర్ కింద ఉన్న క్యాబినెట్, అంటే పరికరాల పెట్టె, ఫ్యాను. ఊఁ అని ఒకే శ్రుతిలో, ఆగకుండా. అమ్మ చెవుల్లో మోగుతోందన్నది అదే అయి ఉంటుందనిపించింది. మంచాన్ని వెనక గదిలోకి మార్చాం. ఇప్పుడు నాలుగైదు గంటలు కదలకుండా పడుకుంటోంది. ఫ్యాను గోల గురించి టవర్ నడిపేవాళ్ళకి అపార్టుమెంటు తరఫున ఉత్తరం రాశాం.

ఆ ఉత్తరంలో రెండో విషయం కూడా పెట్టాం, ఎదురు బిల్డింగువాళ్ళ కోసం. వాళ్ళు మేడ మీద బట్టలారేసే తీగ ఒక యాంటెనాకి ముందు రెండు మీటర్ల దూరంలో ఉంది. అక్కడ కొలవడానికి నేను వెళ్ళలేదు, వెళ్ళకూడదు కూడా. పానెల్ యాంటెనా ముందు కొన్ని మీటర్ల లోపల హద్దు దాటే అవకాశం నిజంగా ఉంటుంది, అందుకే ఆ చోటికి జనం రాకుండా అడ్డు, హెచ్చరిక బోర్డు పెట్టాలి. దాని ముందు పనిచేసే టెక్నీషియన్లు కూడా బలం తగ్గించో, ఆపించో ఎక్కుతారు. ఆ యాంటెనాకి ఎంత దూరం వదలాలో రాసి ఇవ్వమని అడిగాం. ఎర్రలైటు భయం మా బాల్కనీలో అనవసరం, ఆ తీగ దగ్గర మాత్రం అవసరం. కాగితం మీది పుర్రె బొమ్మకి ఈ రెండింటికీ తేడా తెలియదు.

మీటరుకి 5కి 3 ఇస్తాను. తెరకి 1, స్టిక్కరుకి 0. తెర, స్టిక్కరు తిరిగి పంపాను. మీటరు మాత్రం పక్క ఫ్లాటు పెద్దాయన దగ్గరుంది, మోత ఆపేసి, వెనక నా చేతిరాతతో "45 లక్షలు, అరగంట సగటు" అని చీటీ అంటించి ఇచ్చాను. బ్యాటరీ 9 వోల్టులది, పెట్టెలో వచ్చింది రెండో రోజుకే అయిపోయింది, కొనేటప్పుడే ఇంకొకటి తీసుకోండి.